పెరటిలో గోల్ఫాట

గోల్ఫు అనగానే మన సోదరీమణులలో పెక్కుమందికి ధనికుల వినోదము స్ఫురించును. తివాచి పఱచినట్లున్న పచ్చిక, దానిపై తెల్లటోపీలు ధరించి తీరికగా నడచు పెద్దమనుష్యులు, వారివెంట కఱ్ఱలసంచి మోయు కుఱ్ఱవాడు. చలనచిత్రములందును పత్రికలందును మనము చూచునది యీ దృశ్యమే. అట్టి యాటతో మన యిండ్లకేమి సంబంధము, మన పసివాండ్రకేమి ప్రయోజనము అని యెవరైన నడిగినచో తప్పు పట్టరాదు. గోదావరి డెల్టాలోని గృహిణి యడిగినచో ఆ ప్రశ్నకు మఱింత బలము కలదు. పదునెనిమిది గుంటలు గల పూర్తి మైదానమునకు సామాన్యముగా నూఱెకరములకు మించిన నేల కావలెను. ప్రతి సెంటును వరిచేనుగనో కొబ్బరితోటగనో చేపలచెఱువుగనో మార్చుకొన్న మన సీమలో, బంతి దొర్లించుటకై యంత నేలను విడుచువారెవ్వరు?

కాని మైదానము వేఱు, ఆట వేఱు. వెలగల సామగ్రినంతయు తీసివేసి చూచినచో గోల్ఫులో మిగులునవి మూడే వస్తువులు: ఒక బంతి, ఒక కఱ్ఱ, ఒక గుంట. బంతిని కఱ్ఱతో కొట్టుచు, సాధ్యమైనంత తక్కువ దెబ్బలలో గుంటలో వేయుటయే యాట. ఈ మూడును మన పిల్లలకు క్రొత్తవి కావు. గోళీలాటలో వారు వ్రేలితో గోళీని మీటి గుంటలో వేయుదురు. బిళ్ళంగోడులో కఱ్ఱతో బిళ్ళను లేపి దూరముగా కొట్టుదురు. మొదటిదానిలోని గుఱిని, రెండవదానిలోని కఱ్ఱను ఒకచోట చేర్చినచో గోల్ఫు యొక్క మూలరూపము మన వాకిటనే సిద్ధమగును. ఈ యాటను చిన్నపిల్లలకు వేడుకగా నేర్పు విధమును, అట్లు నేర్పుటవలన కలుగు మేలును ఈ వ్యాసమున విన్నవించుచున్నాము.

గోల్ఫు అను మాట, కఱ్ఱయని యర్థమిచ్చు పాత డచ్చిమాటనుండి వచ్చినదని భాషావేత్తలు తలంతురు. ఆ డచ్చివారికి ఒకప్పుడు మన పాలకొల్లులోను, ద్రాక్షారామములోను, కాకినాడను ఆనుకొనియున్న జగన్నాథపురములోను వర్తకస్థానము లుండెడివి. ఆట పెరిగి పెద్దదయినది మాత్రము స్కాట్లండు దేశమున. 1457వ సంవత్సరమున అచ్చటి పార్లమెంటు ఈ యాటను నిషేధించెను. యువకులు దీని మోజులోబడి, యుద్ధమునకు వలసిన విలువిద్యను అభ్యసించుట మానుచుండిరని యా నిషేధమునకు కారణము. నిషేధము నిలువలేదు, ఆట నిలిచినది. అది ఆంగ్లేయులవెంట మన దేశమునకు వచ్చెను. 1829లో కలకత్తాలో స్థాపింపబడిన గోల్ఫు క్లబ్బు, బ్రిటిషు దీవులకు వెలుపల ప్రపంచమున నున్న క్లబ్బులన్నిటిలో ప్రాచీనమైనది. మన తెలుగువారి నడుమ నేడు విశాఖపట్టణమున ఈస్ట్ పాయింట్ క్లబ్బునందును, హైదరాబాదులో గోలకొండకోట చెంతనున్న నయా ఖిలాయందును ఈ యాట సాగుచున్నది.

స్త్రీలు ఈ యాటలో ప్రవేశించిన కథ మన పాఠకురాండ్రు ప్రత్యేకముగా తెలిసికొనదగినది. స్కాట్లండులోని సెంట్ ఆండ్రూస్ పట్టణము గోల్ఫు ఆడువారికి కాశివంటిది. అచ్చట 1867లో స్త్రీలు తమకొఱకు ఒక సంఘమును స్థాపించుకొనిరి. ప్రపంచములో మొట్టమొదటి మహిళా గోల్ఫు సంఘము అదియే. కఱ్ఱను భుజముకంటె పైకెత్తి కొట్టుట స్త్రీలకు మర్యాద కాదని ఆనాటి పెద్దల యభిప్రాయము. అందుచే బంతిని నేలపై మెల్లగా దొర్లించి గుంటలో వేయుటవఱకే వారికి చెల్లినది. దానికై యేర్పడిన చిన్న నేల యంతయు మిట్టపల్లములు. ఆ మిట్టలను చూచి దానికి ‘హిమాలయములు’ అను పేరు వచ్చినది. ఆ హిమాలయములు నేటికిని అచ్చట ఉన్నవి. స్త్రీలు, పురుషులు, పిల్లలు, పరదేశపు యాత్రికులు, ఎవరైనను కొద్దిపాటి రుసుము చెల్లించి ఆడుకొనవచ్చును.

ఇందులోని చిత్రమేమనగా, నాడు స్త్రీలకు హద్దుగా విధింపబడిన ఆ చిన్న దొర్లింపు దెబ్బయే నేడు పసిపిల్లలకు తొలిపాఠముగా మన్ననకెక్కినది. పెద్దవారు గోల్ఫు నేర్చునపుడు దూరపు దెబ్బపైననే మనసుంచుదురు. పిల్లలకు ఆ త్రోవ పనికిరాదు. నాలుగైదేండ్ల బిడ్డ బరువైన కఱ్ఱనెత్తి బంతిని తప్పి నేలను కొట్టును, రెండుమార్లు కొట్టును, మూడవమాటు కఱ్ఱ పాఱవేసి పోవును. అదే బంతిని గుంటకు జానెడు దూరములో నుంచి, మెల్లగా తోయుమన్నచో మొదటి దెబ్బకే లోపల పడును. బంతి గుంటలో పడునప్పటి చప్పుడు బిడ్డకు మిఠాయివంటిది. పిమ్మట మూరెడు దూరమునుండి, ఆపై బారెడు దూరమునుండి కొట్టింపవలెను. గుంటనుండి వెనుకకు నడచుచు నేర్పుట యను నీ పద్ధతిని నేటి శిక్షకులు పెక్కుమంది అవలంబించుచున్నారు. గెలుపుతో మొదలిడిన బిడ్డ మరునాడు తానే కఱ్ఱ పట్టుకొని వచ్చును.

ఇక సామగ్రి సంగతి. అమెరికా మొదలగు దేశములలో పసిపిల్లలకొఱకు పెద్ద ప్లాస్టిక్ తలలు గల తేలికకఱ్ఱలును, టెన్నిసుబంతిని పోలిన మెత్తని బంతులును, బంతి తగిలిన అంటుకొను బట్టగుఱులును అమ్ముచున్నారు. మనకవి లేకున్నను లోటు లేదు. కోనసీమ పిల్లలు తరతరములుగా క్రికెట్టు బ్యాటుగా వాడుచున్న కొబ్బరిమట్టయే ఇందులకును చాలును. బాగుగ ఎండిన మట్టను తీసికొని, బిడ్డ నడుమెత్తునకు కోయవలెను. వెడల్పైన మొదలు క్రిందికి రావలెను. అంచులు చేతిని కోయకుండ, పేళ్లు గ్రుచ్చుకొనకుండ కత్తితో గీకి, పట్టుకొనుచోట పాత చీరపేలిక గట్టిగా చుట్టవలెను. పెద్దల గోల్ఫుకఱ్ఱలను పొట్టిగా కోసి పిల్లలకిచ్చుట మంచిది కాదు. అవి పొట్టివైనను బరువు తగ్గవు, బిడ్డ మణికట్టు తాళదు.

బంతికి కొబ్బరిపీచును ఉండగా చుట్టి, పైన గుడ్డ వేసి దారముతో బిగించి కుట్టిన చాలును. పాత టెన్నిసుబంతి దొరకినచో మఱింత మేలు. నిజమైన గోల్ఫుబంతి 1.68 అంగుళముల వ్యాసమునకు తగ్గకుండ, ఇంచుమించు 46 గ్రాముల బరువుతో రాతివలె గట్టిగా నుండును. అది తగిలిన కన్ను పోవును. కావున దానిని పసిపిల్లల పెరటిలోనికి రానీయరాదు.

గుంట విషయములో మన యదృష్టము చూడుడు. గోల్ఫు నిబంధనల ప్రకారము గుంట వ్యాసము నాలుగుంబాతిక అంగుళములు. మన కొబ్బరిచిప్పను నోరు పైకుండునట్లు నేలలో పాతినచో ఆ కొలతకు ఇంచుమించు సరిపోవును. చిప్ప అడుగున చిన్న రంధ్రము చేసినచో వాననీరు నిలువదు, దోమలు చేరవు.

పేడనీళ్లతో అలికిన వాకిలి బంతి దొర్లుటకు అన్నిటికంటె శ్రేష్ఠము. నేడు పెక్కిండ్ల ముందఱ సిమెంటు గచ్చులే యున్నవి. గచ్చుపై బంతి పట్టలేనంత వడిగా పోవును గనుక, ఒక గోనెపట్టను పఱచి దానిపై ఆడింపవచ్చును. వానకాలమున వసారాలోనో సావడిలోనో చాపపై ఒక చెంబును ప్రక్కకు పడవేసి, దాని నోటిలోనికి బంతిని దొర్లింపవచ్చును. వేసవిలో మన సీమ యెండ తాళరానిది. ఉదయము ఎండ ముదరకముందును, సాయంకాలము నీడలు సాగిన పిమ్మటను మాత్రమే ఆడింపవలెను. మూడునాలుగేండ్లవారికి ఒక పూటకు పది నిమిషములు చాలును. పెద్దవారికి వారి యుత్సాహమే కొలత. ఇంకను ఆడుదమని బిడ్డ బ్రతిమాలుచుండగనే ఆపుట మంచి యుపాయము.

ఆట ఆటగానుండవలెనేగాని పాఠముగా మాఱరాదు. అందులకు కొన్ని వినోదములను సూచించుచున్నాము.

మొదటిది గోదావరి యాత్ర. వాకిటిలో ఒక మూల ముగ్గుపిండితో చదరము గీసి దానికి రాజమహేంద్రవరమని పేరు పెట్టవలెను. బంతి బయలుదేరు చోటు అది. కొంత కొంత దూరములో పాతిన చిప్పలకు వరుసగా ధవళేశ్వరము, సిద్ధాంతము, నరసాపురము, అంతర్వేది యని పేర్లు పెట్టవలెను. అంతర్వేది ఆవల పెద్ద వలయము గీసినచో అది సముద్రము. ప్రతి బిడ్డయు తన బంతితో ఊరూరను దిగుచు సముద్రమును చేరవలెను. చేరులోపల ధవళేశ్వరపు ఆనకట్టను కాటన్ దొర 1847లో ఆరంభించి 1852 నాటికి పూర్తిచేసిన కథను, వసిష్ఠ యంతర్వేదియొద్ద సముద్రమున కలియు కథను తల్లి చెప్పవచ్చును. బడిలో చదివిన భూగోళము కాళ్లతో నడచినట్లగును.

రెండవది గంపాట. బంతికి నాలుగడుగుల దూరమున ఒక గంపనుంచి, నడుమ పీటను అడ్డము పెట్టవలెను. బంతిని కొంచెము లేపి పీట దాటించి గంపలో పడవేయవలెను. దీనికి గుడ్డబంతిని మాత్రమే వాడవలెను. దూరముగా కొట్టుటకంటె తగినంతయే కొట్టుట కష్టమని బిడ్డ ఇందులో తెలిసికొనును.

మూడవది జంటాట. ఇద్దఱికి ఒకే బంతి. అక్క యొకమాటు, తమ్ముడొకమాటు మార్చి మార్చి కొట్టవలెను. ఇది మేము కల్పించినది కాదు, గోల్ఫులో పూర్వమునుండి యున్న పద్ధతియే. తమ్ముడు పొదవైపు కొట్టిన బంతిని అక్క త్రోవకు తేవలసియుండును. కాబట్టి అతనిని కసరి ప్రయోజనము లేదని ఆమెయు, అక్క కష్టపడుచున్నదని అతడును గ్రహింతురు. ఇంటిలో పోట్లాడుకొను పిల్లలకు ఇది మంచి మందు.

నాల్గవ సదుపాయము పెద్దలను చిన్నలను సమానము చేయునది. గోల్ఫులో బలహీనునికి కొన్ని దెబ్బలు ముందుగనే తగ్గించి లెక్కించు ఆచారము కలదు. అందుచే ఆఱితేఱినవాడును, నిన్న నేర్చినవాడును సరిజోడుగా ఆడగలరు. మేమెఱిగిన యొక యింటిలో, అరుగుమీద వత్తులు చేసికొనుచున్న నాయనమ్మను మనుమడు, “మామ్మా, నీకు నాలుగు దెబ్బలు మాఫీ, రావే” యని చేయిపట్టి లాగెను. ఆమె మొదట కసరినది, పిదప నవ్వుచు లేచినది. మూడవ చిప్పకు వచ్చుసరికి తన మాఫీలో ఇంకను రెండు దెబ్బలు మిగిలినవని మనుమనితో వాదించుచుండెను.

క్రికెట్టు ఉండగా ఈ యాట యెందులకని యడుగువారుందురు. క్రికెట్టును మేము తక్కువ చేయుటలేదు. కాని సందులలోను తోటలలోను ఆ యాట సాగు తీరును తల్లులు గమనించియే యుందురు. బ్యాటు పెద్దకుఱ్ఱలది, చిన్నవాడు పూటంతయు పొదలలో బంతిని వెదకితెచ్చువాడే, ఆడపిల్లయైనచో గోడప్రక్కన నిలుచుండి చూచునదే. గోల్ఫులో ఎవరి బంతి వారిదే, ఎవరి వంతు వారిదే. గుంటకు ఎక్కువ దూరమున నున్నవారు ముందు కొట్టుట ఆచారము గనుక, వెనుకబడిన బిడ్డకే తొలివంతు వచ్చును. ఆటలో ఔటగుట లేదు. నాలుగేండ్ల పాపకు సైతము తుదివఱకు చోటు కలదు.

వేడుకతోపాటు ఈ యాట మూడు నియమములను మన యింటికి తెచ్చుచున్నది. తల్లులు ఈ మూడింటిని ఆటకంటె ముఖ్యముగా నెంచవలెనని మా ప్రార్థన.

మొదటి నియమము: కఱ్ఱ కదలునప్పుడు దగ్గఱ నిలువరాదు. ఈ యాటవలన పిల్లలకు తగులు తలగాయములలో పెక్కు, బంతివలన గాక, ఆడువానివెనుక నిలుచున్నవారికి కఱ్ఱ తగులుటవలననే కలుగుచున్నవనియు, అవి తఱచు ఇంటి పెరళ్లలోనే జరుగుచున్నవనియు పాశ్చాత్య వైద్యులు వ్రాసియున్నారు. కావున కొట్టువాని చుట్టును, కఱ్ఱ పొడవునకు రెట్టింపు దూరమున ముగ్గుపిండితో ఒక వలయము గీయవలెను. అది లక్ష్మణరేఖ. ఒకరు లోపల కఱ్ఱ పట్టియుండగా రెండవవారు దానిని దాటరాదు. దాటినచో ఆ పూటకు ఆట ముగిసినట్లే. కఱ్ఱను మోకాలికంటె పైకెత్తరాదని చిన్నవారికి ఇంకొక కట్టడియు చేయవచ్చును.

రెండవ నియమము: నీటబడిన బంతిని విడిచిపెట్టవలెను. మన డెల్టాబిడ్డలకు ఇంతకంటె విలువైన పాఠము లేదని మా నమ్మకము. మన యిండ్లచుట్టును నీరే. వీథిముందు కాలువ, చేనుగట్టున బోదె, పెరటివెనుక చెఱువు. ఆడుకొనుచున్న పిల్లవాని బంతి నీటిలో పడుట, వాడు వెనుకముందు చూడక దానికొఱకు దిగుట, అచ్చట లోతుండుట. ఈ దుఃఖము మన సీమలో ఏ తల్లికిని చెప్పి తెలుపవలసినది కాదు. ఇంచుమించు ఆటలన్నియు పిల్లవానికి బంతివెంట పరుగెత్తుటనే నేర్పును. గోల్ఫు మాత్రము వేఱొక త్రోవ చూపినది. బంతి నీటిలో పడినచో ఆటగాడు దానిని వదలివేయవచ్చును. లెక్కకు ఒక దెబ్బను చేర్చుకొని, నీటికి ఈవలనే మఱియొక బంతినుంచి కొట్టవచ్చును. బంతి పోయినను ఆట పోదు. ‘నీరు చేరిన బంతి నీటిదే, మనకు ఒక దెబ్బ అపరాధము’ అను కట్టుబాటు మూడేండ్ల వయసునుండి అలవడినచో, రేపు తాను వేఱొక యాట ఆడునపుడు సైతము, కాలువగట్టున బిడ్డ కాలు ఆగుటకు వీలు కలదు. అందులకై ఆట మొదలిడకముందే బుట్టలో నాలుగు బంతులు అదనముగా నుంచవలెను. నీటబడిన బంతిని పిదప పెద్దవారు వెదురుగడకు కట్టిన చిక్కముతో తీయుదురు గాక. ఈ నియమమున్నది గదాయని ఆటను కాలువచెంత ఆడింపరాదు. నీటికి దూరముగా, పెద్దవారి కనుసన్ననే ఆడింపవలెను.

పొదలకును ఇదే న్యాయము. కసవులోను కొబ్బరాకుల కుప్పలోను కట్లపాము ఉండవచ్చును. బంతి పొదలో దూఱినచో బిడ్డ చేయి పెట్టరాదు. పెద్దల యాటలోనే పోయిన బంతిని వెదకుటకు మూడు నిమిషములకంటె గడువు లేదు. 2019కి పూర్వము అయిదు నిమిషములుండగా ఆ యేట దానిని తగ్గించిరి. మన పిల్లలకు అదియు వలదు. ఒక దెబ్బ అపరాధము, క్రొత్త బంతి, అంతటితో సరి.

మూడవ నియమము: ఎవరి దెబ్బలు వారే లెక్కింపవలెను. గోల్ఫులో ఆటగానివెంట ప్రతి దెబ్బకును కనిపెట్టియుండు తీర్పరి యుండడు. తోటివాడు సాక్షి, అంతకంటె తన మనస్సు సాక్షి. 1925లో అమెరికా జాతీయపు పోటీలో బాబీ జోన్స్ అను ప్రసిద్ధుడు ఆడుచుండగా, గడ్డిలో నున్న ఆతని బంతి కొట్టకముందే రవంత కదలినది. దానిని మఱి యెవ్వరును చూడలేదు. ఆతడే ముందుకు వచ్చి తనకొక దెబ్బ అపరాధము వేసికొనెను. నాలుగు వరుసల యాట ముగియునప్పటికి ఆతడును వేఱొకడును సమానులైరి. తిరిగి ఆడిన పందెములో ఆతడు ఒక్క దెబ్బతేడాతో ఓడిపోయెను. ఆ అపరాధము వేసికొనకున్నచో ఆ పోటీ మొదటనే ఆతనిదగును. నన్ను ఇందులకు మెచ్చుకొనుట, దొంగతనము చేయలేదని మెచ్చుకొనుటవంటిదని ఆతడు త్రోసివేసినట్లు ప్రసిద్ధి.

ఈ కథను పిల్లలకు చెప్పుట సులభము, ఇంటిలో నిలుపుకొనుట కష్టము. బిడ్డ ఏడు దెబ్బలు కొట్టి అయిదని చెప్పినచో పదిమందిలో నిలదీయరాదు. “ఇంకొకమాటు లెక్కించుకో నాన్నా” యన్న చాలును. ఏడు కొట్టి ఏడని చెప్పినచో, గెలిచినవానికంటె వానినే ముందుగా మెచ్చవలెను. ఇరుగుపొరుగు పిల్లలముందు తన బిడ్డ గెలువవలెనని తల్లియే లెక్క తగ్గించి చెప్పినచో, ఆ యాటవలన కలుగవలసిన మేలంతయు ఆ క్షణముననే పోవును.

ఇంతవఱకును చెప్పినదంతయు ఆడపిల్లకును మగపిల్లవానికిని సమానమే. ఐనను ఆడపిల్లనుగూర్చి విడిగా ఒక మాట చెప్పక తప్పదు. పదిపండ్రెండేండ్లు వచ్చుసరికి ఆమెను పెరటిలోనుండి వంటయింటిలోనికి పిలుచు వాడుక మన యిండ్లలో ఇంకను పూర్తిగా పోలేదు. కఱ్ఱ భుజముపైకి లేవరాదన్న ఆనాటి సెంట్ ఆండ్రూస్ కట్టుబాటునకును దీనికిని భేదము స్వల్పము. అచ్చటి స్త్రీలు హిమాలయములయొద్ద ఆగలేదు. పొరుగుననున్న బెంగళూరులో 1998లో పుట్టిన అదితి అశోక్ అయిదేండ్ల ప్రాయమున ఈ యాట మొదలిడి, 2016లో రియో ఒలింపిక్కులలో ఆడెను. 112 సంవత్సరముల విరామము తరువాత గోల్ఫు ఒలింపిక్కులకు తిరిగివచ్చిన సంవత్సరమది. అప్పుడు ఆమె కఱ్ఱలసంచి తండ్రి మోసెను. 2021లో టోకియోలో తల్లి మహేశ్వరి మోసెను. ఆ పోటీలో అదితి ఒక్క దెబ్బతేడాతో పతకమును కోల్పోయి నాల్గవస్థానమున నిలిచినది. 2023లో హాంగ్‌ఝౌ ఏషియా క్రీడలలో వెండిపతకమును గెలిచి, ఆ క్రీడలలో గోల్ఫు పతకము పొందిన తొలి భారతీయ మహిళ యయ్యెను. టోకియో యెండలో కూతురివెంట నడచిన యా తల్లిని తలంచుకొన్నచో, ఆటస్థలమున తల్లికిని స్థానము కలదని తెలియును.

ఐతే మన బిడ్డలందఱును అదితులు కావలెనని తొందరపడరాదు. పోటీల పిచ్చి పట్టిన తల్లిదండ్రులు, బిడ్డ కాలు ఇట్లుంచుము, మోచేయి అట్లుంచుమని క్షణక్షణము దిద్దుచు, ఆటలోని యానందమును పిండివేయుదురు. హైదరాబాదునుండి అమెరికా వెళ్లి స్థిరపడిన తెలుగు దంపతుల కుమారుడు సాహిత్ తీగల 2023 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని నాపాయందు ఆ దేశపు ప్రధానమైన వృత్తిపోటీలలో తన తొలి విజయము పొందెను. ఆతని వెన్నెముకలో కొంత వంపు కలదు. ఆతడు కఱ్ఱను త్రిప్పు తీరు శిక్షణాలయపు అచ్చులో పోసినది కాదు, చిన్ననాటినుండి తనంత తానై కుదుర్చుకొన్నది. కావున ఏడెనిమిదేండ్లు వచ్చువఱకు రెండు మాటలు చాలును: రెండు చేతులతో పట్టుకొనుము, బంతివైపు చూడుము. తక్కినది బిడ్డ శరీరమే వెదకికొనును.

పెరటియాటలో పది పండ్రెండేండ్లదాక నిలిచి, ఇంకను నేర్వవలెనని కోరు బిడ్డ యుండినచో, విశాఖపట్టణమునకో హైదరాబాదునకో బంధువుల యింటికి వెళ్లినప్పుడు ముందుగా విచారించి, ఒకమాటు నిజమైన మైదానమును, నిజమైన శిక్షకుని చూపవచ్చును. అట్టి కోరిక పుట్టకున్నను నష్టమేమియు లేదు. ఒక కొబ్బరిమట్ట, నాలుగు గుడ్డబంతులు, అయిదాఱు చిప్పలు, పిడికెడు ముగ్గుపిండి. మన వ్యయమంతయు ఇంతే. వంతు వచ్చువఱకు రేఖకు ఈవల నిలుచుట, తన దెబ్బను తానే ఒప్పుకొనుట, కాలువలో పడిన బంతిని చూచి గట్టుననే ఆగి “పోతే పోయిందిలే, ఇంకోటి ఉంది” అనుట మన బిడ్డకు అలవడినచో, ఆ వ్యయమునకు అంతకుమించిన ఫలమేమి కావలెను? రానున్న సెలవులలో మన సోదరీమణులు తమ వాకిట ఒక్క చిప్పనైనను పాతి, బిడ్డచేతికి కఱ్ఱనిచ్చి, తామును ఒక వంతు కొట్టి చూతురుగాక.